గోదావరి మీద సిద్ధాంతం వంతెన దగ్గరి బాబాయ్‌కి, ఆ రాత్రి మా చేపల లారీ కదలడానికి చెయ్యేసిన అందరికీ

హౌరాలో ఇప్పుడే ఆఖరి ట్రే దిగింది. బండి కింద నీడలో కూచుని రాస్తున్నాను. మూడు రాత్రుల నిద్ర బాకీ ఉంది, అక్షరాలు అటూ ఇటూ అయితే ఏమనుకోకండి. ఇది రాసేస్తేగానీ కన్ను మూతపడేలా లేదు.

లోడు ఆకివీడు చెరువులది. బొచ్చె, శీలావతి కలిపి 10 టన్నులు, ట్రేకి 40 కిలోలు. అడుగున ఐసు, నడుమ ఐసు, పైన ఐసు. హౌరా మార్కెట్లో చేపల వేలంపాట తెల్లారకముందే మొదలైపోతుంది కాబట్టి మనం రెండు గంటలు ఆలస్యంగా వెళ్తే పోయేది రెండు గంటలు కాదు, ఆ రోజు రేటే. కొనేవాడు మాటలు వినడు, మొప్ప ఎత్తి చూస్తాడు. ఎర్రగా ఉంటే ఒక ధర, రంగు తిరిగితే ఇంకో ధర. చేప బండి తోలేవాళ్లెవరికైనా ఇది తెలిసిందే.

తణుకు, పెరవలి దాటి సిద్ధాంతం వంతెన ఇంకో రెండు నిమిషాలు ఉందనగా గాలి గేజిలో ముల్లు 8 నించి దిగడం మొదలెట్టింది. 5 దగ్గరకొచ్చేసరికి బజరు మోత. ఆ తర్వాత బండి తనంతట తనే బిగుసుకుపోయింది. ఎయిర్ బ్రేకు సంగతి తెలియనివాళ్ల కోసం ఒక్క ముక్క. వెనక చక్రాల బూస్టర్లలో, అంటే గాలితో బ్రేకు నొక్కే డబ్బాల్లో, పెద్ద స్ప్రింగు ఉంటుంది. గాలి ఉన్నంతసేపు గాలే దాన్ని అణిచి పెడుతుంది. గాలి పోయిందా, స్ప్రింగు సాగి బ్రేకు పట్టేస్తుంది. బండి లోయలోకి జారిపోకుండా పెట్టిన ఏర్పాటు అది, మంచిదే. కానీ అర్ధరాత్రి హైవే మీద ఎడమ లైన్లో సగం, మట్టి అంచున సగం ఆగిపోయినప్పుడు ఆ మంచితనం గుర్తుకురాదు. సెకండ్ డ్రైవరు అన్నవరంలో ఎక్కాలి. బండిలో నేనొక్కణ్ణే.

రోడ్డు పక్క అరటితోటలోంచి టార్చిలైటు వచ్చింది. డెబ్భై దాటిన మనిషి, లుంగీ, మెడలో తువ్వాలు. ఏమైందని అడగలేదు. ముందు బండి వెనక్కి నడిచి, నా రిఫ్లెక్టర్ ట్రయాంగిల్ చూశారు. దాని కాలు విరిగి నెల అయింది, వైరుతో కట్టుకుని తిరుగుతున్నాను. ఆయన తోటలోకి వెళ్లి, గెల కోసేసిన చెట్ల బోదెలు మూడు నరికి తెచ్చారు. బండి వెనక ఇరవై అడుగులకొకటి, నలభై, అరవై. మధ్యదాని మీద తెల్ల సిమెంటు బస్తా కప్పారు, లైటు పడితే మెరవడానికి. నేను రాళ్లు పెడదామని వంగితే చెయ్యి పట్టుకుని ఆపారు.

"రాయి పెడితే మోటార్ సైకిలోడు చచ్చిపోతాడబ్బాయ్. బోదె మీదకెక్కితే బోదే నలుగుద్ది."

ఇన్నేళ్ల సర్వీసులో ఈ మాట నాకు ఎవరూ చెప్పలేదు. బండి ఆగినప్పుడు రాళ్లు పేర్చి, బాగయ్యాక అవి అక్కడే వదిలేసి పోయేవాళ్లం మనలో ఎంతమంది లేరు!

ఆయన పాత కామెట్ లారీల కాలం నాటి డ్రైవరట. ఇప్పుడు అరటి, కొంచెం కంద. ఇంజను ఆపకుండా ఉంచమని, టైర్లకు రెండువైపులా చెక్కలు పెట్టించి, బండి కిందకు దూరారు. బ్రేకు తొక్కమన్నారు, వదలమన్నారు. హ్యాండు బ్రేకు లాగమన్నారు, వదలమన్నారు. కాలు తొక్కినప్పుడే బుస్సుమంటే బూస్టరు ముందు అరలో రబ్బరు పోయినట్టు. కాలు తీసినా, హ్యాండు బ్రేకు వదిలి ఉన్నా బుస్సుమంటూనే ఉంటే లోపం స్ప్రింగు వైపు అరలో. మనది రెండోది. ఏ చక్రమన్నది తెలియడానికి క్యాబిన్లో ఉన్న రెండు రూపాయల షాంపూ ప్యాకెట్టు మగ్గులో కలిపి నాలుగు బూస్టర్ల మీదా పోశారు. చివరి యాక్సిల్ కుడివైపుదాని గాలిరంధ్రం దగ్గర నురగ ఉబ్బుకొచ్చింది. పది నిమిషాల పని. మెకానిక్కు కోసం పొద్దుటిదాకా ఎదురుచూస్తే పొద్దుటిదాకా కూడా తెలిసేది కాదు.

డ్రమ్ము కాలిపోతోంది, నీళ్లు కొట్టనా అంటే వద్దన్నారు. వేడి డ్రమ్ము మీద నీళ్లు పడితే పగులుతుంది. గాలికి వదిలేయాలి, అంతే.

తర్వాతది స్ప్రింగును బంధించడం. బూస్టరు వెనక ప్లగ్గు తీసి, టీ ఆకారం బోల్టు లోపలికి పెట్టి, పావు మలుపు తిప్పితే కొక్కెంలా పట్టుకుంటుంది. ఆపైన నట్టును 19 పానాతో చేత్తోనే తిప్పుకుంటూ రావాలి, గాలి గన్ను పెట్టకూడదు. బోల్టు మూడు అంగుళాల దాకా బయటికొచ్చాక స్ప్రింగు లోపల ముడుచుకున్నట్టు లెక్క. ఈ బోల్టు బూస్టరు పక్కనే చిన్న అరలో పెట్టి ఇస్తారు కంపెనీవాళ్లు. మన బండిలో ఆ అర ఖాళీ. పోయినసారి పని చేసినవాడు తీసి ఎక్కడో పడేసినట్టున్నాడు. నేనూ చూసుకోలేదు. బాబాయ్ ఇంటికెళ్లి, గ్రీజు గుడ్డలో చుట్టిన పాత బోల్టు ఒకటి తెచ్చారు. లారీలు మానేసి ఎన్నేళ్లయినా ఆ ఒక్కటీ పారేయలేదట.

ఒక్కటి మాత్రం మళ్లీ మళ్లీ చెప్పారు, నేనూ ఇక్కడ చెబుతున్నాను. వెనక డబ్బా చుట్టూ ఉండే క్లాంపు ఎట్టి పరిస్థితుల్లోనూ విప్పకూడదు. లోపల స్ప్రింగు టన్నుకు దగ్గర్లో ఒత్తిడితో కూచుని ఉంటుంది. విప్పితే డబ్బా తుపాకీ గుండులా వస్తుంది. బూస్టరు మొత్తం మార్చాలి, లోపలిది బాగు చేయకూడదు.

గొట్టం మడిచి తీగతో కట్టేసి పోదామా అన్నాను. చాలామంది అలాగే పోతారు, దాచుకోవడమెందుకు. ఆయన లేచి నిలబడ్డారు. "ముందర అనకాపల్లి ఉంది, విశాపట్నం ఉంది. వెనక మూడు చక్రాల బ్రేకుతో ఇంత బరువు దింపుతావా? ఆయ్, నీ ఇష్టం." ఆ "నీ ఇష్టం" విన్నాక ఇక మాట రాలేదు.

బూస్టరు వచ్చేదాకా గంటన్నర పడుతుందని తేలింది. ఆయన నన్ను చూసి, చేతులు వణుకుతున్నాయి, పడుకో అన్నారు. రోడ్డు మీద డ్రైవరు నిద్ర మీకు తెలుసు. ఒక చెవి ట్యాంకు మూత దగ్గర ఉంటుంది. డీజిలు, బ్యాటరీలు, స్టెప్నీ, పట్టా తాళ్లు, ఏది వదిలినా పోతుంది. నేను వద్దంటున్నాను. ఆయన కొబ్బరి ఈనె ఒకటి తెచ్చి ట్యాంకులోకి దింపమన్నారు. మూతలో జల్లెడ ఉన్నా ఈనె సన్నం కదా, దిగింది. తడి అంటిన చోట గోటితో నొక్కి గుర్తు పెట్టించారు. తర్వాత ఖాళీ ట్రే బోర్లించుకుని ట్యాంకు పక్కన కూచున్నారు.

చచ్చినట్టు నిద్రపోయాను. లేచేసరికి ఆయన అక్కడే, అలాగే ఉన్నారు. క్యాబిన్ అద్దానికి ఆయన తువ్వాలు కట్టి ఉంది, ఎదురు బండ్ల లైట్లు కళ్లలో పడకుండా. నేను దండం పెట్టబోతే ఆయన ఆ ఈనె నా వైపు చాచారు.

"ముంచి చూసుకో. తర్వాత ఎవరికీ అనుమానం ఉండకూడదు."

ముంచాను. తడి గుర్తు గోటినొక్కు దగ్గరే ఉంది. అక్కడ నాకు ఏడుపాగలేదు. నన్ను కాపలా కాసిన మనిషి నాకే లెక్క అప్పజెబుతున్నాడు. బండికి పర్మిట్టు అడిగేవాళ్లు, లైసెన్సు అడిగేవాళ్లు, తప్పు ఒప్పుకోమనేవాళ్లు రోజూ తగులుతారు. నా ముందు తన నిజాయితీ తనే రుజువు చేసుకున్న మనిషి నాకు ఇన్నేళ్లలో ఎదురవలేదు.

బూస్టరు మూడింటికి వచ్చింది. మా బావమరిది తణుకులో షాపువాళ్లను లేపి బైకు మీద తెచ్చాడు. ఇంట్లోవాళ్లు రాత్రంతా ఫోన్లు పట్టుకునే ఉన్నారు. వాళ్ల సంగతి ఇంటికెళ్లాక చూసుకుంటాం.

మార్చేటప్పుడు బాబాయ్ చేయించినవి రాస్తున్నాను, ఎవరికైనా పనికొస్తాయి. పాత గొట్టాలు విప్పకముందు స్ప్రింగు లైనుకు దారం కట్టి గుర్తు పెట్టుకోవాలి, అటుదిటు తగిలిస్తే మళ్లీ మొదటికే. కొత్త బూస్టరు కడ్డీ పొడుగ్గా వస్తుంది, పాతదానితో కొలిచి అంతే కోసుకోవాలి. బ్రేకు పట్టినప్పుడు, బ్రేకు బిగువు సరిచేసే అడ్జస్టరుకీ కడ్డీకీ మధ్య మూల కొలిచినట్టు ఎల్ ఆకారంలో ఉండాలి. పిన్నుకి పాత స్ప్లిట్ పిన్నే వంచి పెట్టకూడదు, కొత్తది వేయాలి. గాలి 8కి నిండాకే టీ బోల్టు తీసి ప్లగ్గు పెట్టాలి. ఆఖరున అడ్జస్టరు బిగిసేదాకా తిప్పి అర మలుపు వెనక్కి. ఇది మాన్యువల్ అడ్జస్టరు సంగతి, ఆటోమేటిక్ ఉన్నవాళ్లు ఇలా తిప్పొద్దు.

పాత బూస్టరు పోవడానికి కారణం కూడా ఆయనే చూపించారు. గొట్టం విప్పితే చేతికి నూనె అంటింది. గాలి నింపే కంప్రెసర్ నూనె కక్కుతోంది, గాలిలో తడి పట్టే ఎయిర్ డ్రయ్యర్ కాట్రిడ్జి ఎప్పుడో నిండిపోయింది, ఆ నూనె వెళ్లి రబ్బరును ఉబ్బించి చీల్చింది. అదీ డూప్లికేట్ రబ్బరు, ఏడాది కూడా కాలేదు వేసి. డబ్బా చూస్తే అసలుదానికీ దీనికీ తేడా పట్టలేం. కాట్రిడ్జి ఏడాదికోసారి మార్చండి. పొద్దున్నే గాలి ట్యాంకులు వదిలి చూడండి. నీళ్లు వస్తే సరే, తెల్లగా జిగురు వస్తే కంప్రెసర్ విప్పే వేళయింది.

ఇక కడుపులో మంట. ఒక హెల్ప్‌లైనుకు రెండుసార్లు చేశాను. క్రేను బయల్దేరిందన్నారు. మేం బయల్దేరేదాకా అది బయల్దేరే ఉంది. కానీ ఫొటో తీసేవాళ్లు మాత్రం వచ్చారు. రోడ్డుకు అడ్డంగా నిలిపినందుకని ఓనరు ఫోనుకి చలానా వచ్చింది. ఫొటోలో బోదెలు కనపడుతున్నాయి, సిమెంటు బస్తా మెరుస్తోంది, బాబాయ్ వీపు కనపడుతోంది, టార్చి పట్టుకుని. తీసినవాళ్లు ఎవరోగానీ దిగి ఏమైందని అడిగిన పాపాన పోలేదు. లోడు బండి పక్కకు తీసుకుని ఆపుకునే జాగా ఎక్కడుందో చూపిస్తే మేమెందుకు రోడ్డు మీద ఆపుతాం? ఉన్న కాస్త అంచు మీద కొబ్బరి బోండాలు, గుడిసెలు. 2025 నవంబరు దాకా ఉన్న 1961 నాటి మోటార్ ట్రాన్స్‌పోర్ట్ కార్మికుల చట్టంలో రోజుకు 8 గంటలు, వారానికి 48 అని ఉండేది. ఐదు గంటలు తోలితే అరగంట విశ్రాంతి. చదువుకోవడానికి బాగుండేది. 2025 అక్టోబరు 1 నించి తయారయ్యే లారీలకు క్యాబిన్లో ఏసీ తప్పనిసరి చేశారు, సంతోషం. మనది 2017 బండి. ఏసీ క్యాబిన్ అయినా ఆపుకునే చోటు లేకపోతే అందులో పడుకునేదెక్కడ?

పాట ఎలాగూ తప్పింది, మర్నాడు తెల్లవారుజామున అమ్మాల్సొచ్చింది. ఆలస్యానికని కిరాయిలో కోత. చేప మాత్రం పాడవలేదు, మొప్ప ఎర్రగానే ఉంది. అది ఐసు పుణ్యం. చెప్పడం మర్చిపోయాను, గోదావరి దాటాక ఒక ఐసు ఫ్యాక్టరీలో రాత్రి డ్యూటీ కుర్రాడు ఐదింటికి క్రషరు వేసి టన్నున్నర పొడి ఐసు పట్టాడు. లోడు మొత్తం విప్పక్కర్లేదని, పై వరస, అంచు ట్రేలు చూసుకుంటే చాలని, వేడి అటునించే వస్తుందని చెప్పింది అతనే. ఊరి పేరు అడిగితే నవ్వాడు. తమ్ముడూ, నీకు చాలా థాంక్స్.

తణుకులో షటరెత్తిన స్పేరు పార్టుల షాపాయనకి కూడా. రాత్రి రెండున్నరకి పగటి రేటే తీసుకున్నారు, స్ప్లిట్ పిన్నులు ఊరికే ఇచ్చారు. ఆర్టీసీ బస్సు డ్రైవరు ఒకాయన మా వెనక ఆపి, హజార్డు లైట్లు వేసి, బోదెలు సర్దేదాకా నిలబడ్డారు, నంబరు చూసుకోలేదు. సెకండ్ డ్రైవరు అన్నవరంలో ఐదు గంటలు అరుగు మీద కూచున్నాడు, ఒక్క మాటనలేదు. ఒడిశా బండి డ్రైవరు ఒకడు మంచినీళ్ల క్యాను వదిలి వెళ్లాడు. ఇంకా ఎవర్నైనా మర్చిపోతే తిట్టుకోకండి, లేచాక కలుపుతాను.

బాబాయ్ డబ్బు తీసుకోలేదు. పేరు రాయొద్దన్నారు, రాయలేదు. బండి కదిలాక అద్దంలో చూశాను, వంగి బోదెలు ఒక్కొక్కటే రోడ్డు మీంచి లాగేస్తున్నారు.

ఆయన టీ బోల్టు మాత్రం నా దగ్గరే ఉండిపోయింది. హడావిడిలో టూల్సుతో కలిపి పెట్టెలో పడేశాను. ఖాళీ ట్రేలతో వచ్చేటప్పుడు సిద్ధాంతంలో ఆపుతాను. అటువైపు ముందుగా పోయేవాళ్లెవరైనా ఉంటే వంతెనకు తణుకు వైపు, ఎడమ పక్క అరటితోట, బోల్టు భద్రంగా ఉందని ఒక్క మాట చెప్పండి.