చిన్న పుస్తకానికి 500 పదాల సారాంశం చాలు: మా పనిలో ఒక మార్పు

ప్రచురణకర్తలకు పంపడానికి మా చేత సారాంశం రాయించుకుంటున్న రచయితలందరికీ నమస్కారం. ఇకపై 40,000 పదాల లోపు పుస్తకాలకు మేము రాసే సారాంశం 500 పదాలు దాటదు. రుసుమును కూడా పదాల లెక్కన కాకుండా పుస్తకానికి ఇంత అని తీసుకుంటాము. నిడివి తగ్గుతోంది కనుక రుసుము తగ్గుతుందని మీరు ఆశించవచ్చు గానీ, అది తగ్గదు. పుస్తకాన్ని మొత్తం చదివి, ఏది ఉంచాలో ఏది వదలాలో తేల్చుకోవడమే ఇందులో అసలు పని.

40,000 అన్న హద్దు మేము ఊహించి పెట్టుకున్నది కాదు. సైన్స్ ఫిక్షన్, ఫాంటసీ రచనలకు ఇచ్చే హ్యూగో, నెబ్యులా పురస్కారాల నిబంధనల్లో నవలికకు పై హద్దు అదే. పెద్ద నవలకే 500 పదాల సారాంశం అడిగే ప్రచురణకర్తలు ఎందరో ఉండగా, 20,000 పదాల నవలికకు 2,000 పదాలు పంపితే, అంటే పుస్తకంలో పదో వంతు పంపితే, ఆ సమయంలో ఎడిటర్ నేరుగా మొదటి అధ్యాయమే చదువుకోవచ్చు.

సారాంశం ఎక్కువగా పెరిగేది జరిగినవన్నీ వరుసగా చెప్పుకుపోవడం వల్లనే. అన్న ఊరికి వచ్చాడు, తాళం తీశాడు, పక్కింటివారు పలకరించారు, పెట్టెలో పాత కాగితాలు కనిపించాయి అని నాలుగు వాక్యాలు రాసే చోట, “ఇల్లు అమ్మేద్దామని వచ్చిన అన్నకు, ఆ ఇంటిని తండ్రి ఎప్పుడో చెల్లెలి పేర రాశాడని తెలుస్తుంది” అన్న ఒక్క వాక్యంతో కథ ముందుకు కదులుతుంది. ఎవరికి ఏం కావాలి, దానికి ఏది అడ్డుపడింది, చివరికి ఏం తేలింది అన్నవి ఉంటే చాలు. వాతావరణ వర్ణన, సంభాషణలు, పక్కపాత్రల పేర్లు తీసేసినా కథకు లోటు రాదు. ముగింపును మాత్రం దాచకూడదు. పాఠకుణ్ణి ఊరించవలసింది అట్ట వెనుక మాట. ఎడిటర్‌కు కథ ఎలా ముగుస్తుందో తెలియాలి. ముగింపు చెప్పవద్దని మమ్మల్ని కోరేవారికి ఈ మాట ఎంతో ఇష్టంగా, ఎన్నిసార్లయినా చెబుతాము.

ప్రచురణకర్త తన నిబంధనల్లో ఇన్ని పదాలని చెప్పి ఉంటే, మా హద్దును పక్కన పెట్టి దానినే పాటిస్తాము. కథేతర పుస్తకాలకు సాధారణంగా అధ్యాయాల వారీ వివరణ అడుగుతారు కనుక వాటికి ఈ మార్పు వర్తించదు. పిల్లల బొమ్మల పుస్తకమైతే చాలాచోట్ల రాతప్రతినే పూర్తిగా పంపమంటారు. అలాంటప్పుడు సారాంశం అవసరం లేదని మేమే ముందుగా చెప్పి, ఆ పని తీసుకోము.

ఇప్పటికే ఒప్పుకున్న పనులను పాత పద్ధతిలోనే పూర్తి చేస్తాము. ఆ రచయితల్లో ఎవరికైనా 500 పదాల ప్రతి కూడా కావాలంటే, అదనపు రుసుము లేకుండా రాసి ఇస్తాము.