‘సహాయక బృందంలో చేరండి’ అని వదిలేస్తే చాలదు

సంపాదకులకు నమస్కారం.

మద్యపాన వ్యసనం మీద పత్రికల్లో వచ్చే వ్యాసాలు చాలావరకు ఒకే మాటతో ముగుస్తాయి: సహాయక బృందంలో చేరండి అని. అంటే ఆల్కహాలిక్స్ అనానిమస్ లాంటి సంస్థల బృందాలు, తాగుడు మానాలనుకునేవాళ్లు మీటింగుల్లో కలిసి ఒకరికొకరు తోడుండే చోట్లు. చేరదామనుకున్న మనిషికి అసలు చిక్కు అక్కడే మొదలవుతుంది. మానేయాలన్న పట్టుదల ఒక్కోసారి కొన్ని గంటలే నిలుస్తుంది. ఆ కొన్ని గంటల్లో పాత అడ్రసు పట్టుకుని వెళ్లి, తాళం వేసిన గది చూసి వెనక్కి వచ్చినవాళ్లు మళ్లీ వెతకడం కష్టం.

ముందు ఒక హెచ్చరిక. రోజూ బాగా తాగేవాళ్లు, పొద్దున్నే గుక్కెడు పడితే గానీ చేతుల వణుకు ఆగనివాళ్లు, ఇదివరకు మానినప్పుడు ఫిట్స్ వచ్చినవాళ్లు ఇంట్లో ఉన్నపళంగా ఆపేయకూడదు. చివరిసారి తాగిన 6 నుంచి 24 గంటల్లో వణుకు, చెమటలు, వాంతులు మొదలవుతాయి. మొదటి 48 గంటల్లో ఫిట్స్ రావచ్చు. 48 నుంచి 96 గంటల మధ్య కొందరికి మతి తప్పి, లేనివి కనిపిస్తాయి. డెలీరియం ట్రెమెన్స్ అనే ఆ స్థితి ప్రాణం తీయగలదు. ఇలాంటివాళ్లు ముందు డాక్టరు దగ్గరికి వెళ్లాలి. అలాగని చికిత్స పూర్తయ్యేదాకా మీటింగు వాయిదా వేయనక్కర్లేదు, రెండూ పక్కపక్కనే సాగవచ్చు. డాక్టరు రాసిన మాత్రలు మానేయమని మీటింగులో ఎవరైనా చెబితే వినవద్దు. సభ్యులు వైద్యం చెప్పకూడదని ఆల్కహాలిక్స్ అనానిమస్ సంస్థే అంటుంది.

ఆల్కహాలిక్స్ అనానిమస్, అందరూ పిలిచే పేరు ఏఏ, 1935లో అమెరికాలోని ఏక్రన్‌లో పుట్టింది. ఫీజు లేదు. తాగుడు మానాలన్న కోరిక ఒక్కటే అర్హత. ఇంటర్నెట్‌లో వెతికితే మొదట కనిపించేవి చాలాసార్లు డబ్బు తీసుకునే పునరావాస కేంద్రాల ప్రకటనలు. ఫోన్లో అడ్మిషన్, ప్యాకేజీ అంటూ మొదలుపెడితే అది మీటింగు కాదని గుర్తుపట్టవచ్చు. ఏఏ అధికారిక వెబ్‌సైట్ నుంచి మీ ప్రాంతపు కార్యాలయం నంబరు పట్టుకోవడం మేలు.

ఆ నంబరుకు తప్పక ఫోన్ చేయండి, జాబితా చూసి నేరుగా వెళ్లవద్దు. గదులు ఎక్కువగా ఇతరులవి: స్కూళ్లవి, ప్రార్థనా స్థలాలవి, ఆసుపత్రులవి. సెలవులకు మూస్తారు, వేళలు మారుస్తారు. బయట బోర్డు ఉండకపోవచ్చు. ఈ వారం మీటింగు ఉందా, ఏ గేటు, ఎన్నో అంతస్తు, ఏ భాషలో మాట్లాడతారు అని అడగండి. గేటు దగ్గర ఎవరైనా కలుస్తారా అని కూడా అడగండి. దీనికి మొహమాటపడేవాళ్లే ఎక్కువ, కానీ కొత్తవాళ్లను లోపలికి తీసుకెళ్లడం అక్కడివాళ్లు తమ పనిగానే భావిస్తారు.

ఓపెన్, క్లోజ్డ్ అనే తేడా చాలామందిని తికమక పెడుతుంది. ఓపెన్ మీటింగుకు కుటుంబసభ్యులతో సహా ఎవరైనా రావచ్చు. క్లోజ్డ్ మీటింగు తాగుడు సమస్య ఉన్నవాళ్లకు, ఉందేమోనన్న అనుమానం ఉన్నవాళ్లకు. కొత్తవాళ్లకు అందులో ప్రవేశం లేదనుకోవడం పొరపాటు. వేళ ఎంచుకునేటప్పుడు రోజూ తాగాలనిపించే గంటకు దగ్గరగా ఉన్నది చూసుకోండి. తెలిసినవాళ్లు చూస్తారన్న భయంతో దూరపు మీటింగు ఎంచుకోవడం తప్పేమీ కాదు గానీ, ప్రయాణ భారం వల్ల అది త్వరగా మానేసే ప్రమాదం ఉంది.

పది నిమిషాలు ముందే వెళ్లండి. సాధారణంగా గంట, గంటన్నర సాగుతుంది. మాట్లాడమంటే ‘ఈరోజు వింటాను’ అంటే చాలు. చందా డబ్బా మీ ముందుకొస్తే కొత్తవాళ్లు ఏమీ వేయనక్కర్లేదు. ఆరోజు తాగి ఉన్నా వెళ్లి మౌనంగా కూర్చోవచ్చు, బండి మాత్రం నడపవద్దు. మీటింగు కాగానే లేచి వెళ్లిపోవడం అన్నిటికన్నా పెద్ద నష్టం. ఆ తర్వాతి కాసేపట్లోనే ఫోన్ నంబర్లు చేతులు మారతాయి. తాగాలనిపించిన రాత్రి పనికొచ్చేది ఆ నంబరే. స్త్రీలు స్త్రీల నంబర్లు అడిగి తీసుకోవడం మంచిది. అక్కడి మాట బయటికి పోకూడదన్నది సంప్రదాయమే తప్ప చట్టపరమైన రక్షణ కాదు. కోర్టు వ్యవహారాలు అక్కడ విప్పవద్దు.

ఒక బృందం నచ్చకపోతే మరొకటి చూడండి. ప్రతి బృందానిదీ తన పద్ధతే. ఏఏ మీటింగుల్లో వచ్చే దైవశక్తి ప్రస్తావన ఇబ్బంది అనిపించేవాళ్లకు 1994లో మొదలైన స్మార్ట్ రికవరీ అనే మరో సంస్థ ఉంది, అది ఆలోచనలను, ప్రవర్తనను మార్చుకునే పద్ధతుల మీద నడుస్తుంది. దగ్గర్లో ఏదీ లేకపోతే ఆన్‌లైన్ మీటింగులున్నాయి. కుటుంబాలకు 1951 నుంచి అల్-అనాన్ వేరుగా పనిచేస్తోంది. తాగే మనిషి రానన్నా ఇంట్లోవాళ్లు దానికి వెళ్లవచ్చు.

పత్రికకు నా విన్నపం ఒక్కటే. ‘నగరంలో నేడు’ లాంటి శీర్షికలో వారానికోసారి మీటింగుల వివరాలు వేయండి: రోజు, వేళ, ఏ గేటు, ఓపెనా క్లోజ్డా, ఏ భాష, ఏ తేదీన సరిచూశారు. సభ్యుల పేర్లు, ఫొటోలు వేయవద్దు. పత్రికల్లో, ప్రసారాల్లో అజ్ఞాతంగా ఉండటం వాళ్ల సంప్రదాయాల్లో ఒకటి. ఎవరి సొంత నంబరూ కాకుండా కార్యాలయం నంబరే అచ్చువేసి, నెలకోసారైనా దానికి ఫోన్ చేసి మారినవి దిద్దండి.

– ఒక పాఠకురాలు