తిన్నావా అంటే ప్రేమ కాదు బాబూ

ఎడిటర్ గారికి నమస్కారం,

మొన్నొక ఆదివారం మీ పేపర్లో, అమ్మాయికి మనమంటే ఇష్టం ఉందో లేదో మాటల్లో ఎలా కనిపెట్టాలి అని గుర్తులు వేసారు కదా, నవ్వుతూ మాట్లాడ్డం, పేరు పెట్టి పిలవడం, తిన్నావా అని అడగడం, అలాంటివి. ఆ ముక్కని ఫొటో తీసి ఫోన్లో దాచుకున్న కుర్రాడొకడు మా షాపుకి తగిలాడు, అందుకే ఈ ఉత్తరం.

మాది శ్రీకాకుళంలో జిరాక్స్ షాపు. కౌంటర్లో ఒకమ్మాయి చేస్తంది, గార వైపు పల్లె నుంచి రోజూ బస్సుకి వస్తాది. వీడు వారంలో నాలుగుసార్లు అదే ఆధార్ కార్డు జిరాక్స్ తీయించుకున్నాడు, గిరాకీయే కదా అని నేనూ పట్టించుకోలేదు, అది నా తప్పే. తర్వాత సాయంత్రం కాంప్లెక్స్ దగ్గర ఆ అమ్మాయి బస్సెక్కేదాకా వెనకాల నిలబడ్డం మొదలెట్టాడు, పాపం భయపడిపోయి రెండ్రోజులు పనికే రాలేదు.

కూచోబెట్టి టీ ఇప్పించి ఏట్రా బాబూ ఇది అంటే "పేరు పెట్టి పిలిచింది సార్" అన్నాడు. నీ పేరు ఆధార్ మీదే ఉంది కదరా అన్నాను. "చిల్లర లేదంటే రేపివ్వులే అంది సార్." ఆ మాట అనమని నేర్పిందే నేను, రెండ్రూపాయల కాడ మనిషి పోకూడదని. "తిన్నావా అని అడిగింది సార్." మధ్యాహ్నం రెండింటికి ఎవరొచ్చినా అడుగుతాది, పింఛను కాగితాలు తెచ్చే ముసలమ్మల్ని కూడా.

అసలు మన వైపు తిన్నావా అంటే నమస్కారం పెట్టినట్టే కదండీ. నువ్వు అనడమూ అంతే, రెండో మాటకే నువ్వులోకి దిగిపోతాం, బయటోళ్ళు దాన్ని చనువనుకుంటారు. మా అన్నయ్య కొడుకైతే కాకినాడ చదువుకి వెళ్ళి, అక్కడో అమ్మాయి తనని వస్తానండీ, చెప్పండీ అంటందని మురిసిపోయి ఇంట్లో కూడా చెప్పేసాడు, ఆ వైపు కూరగాయలోడికి కూడా అండీ తగిలిస్తారని నెల పోయాక గానీ వాడికి తెలవలేదు.

నవ్వుతున్నాను గానీ నేనూ ఆ బాపతే. 1998లో ఆమదాలవలసలో పాసింజర్ ఎక్కి విజయనగరం పనికెళ్ళేవాణ్ణి, కోటబొమ్మాళిలో ఎక్కే ఒకామె రోజూ పక్క సీటు మీద సంచి పెట్టి నాకోసం ఆపేది. ఇంక చూడండి, ఇస్త్రీ చొక్కాలు, ఆ జీతానికి పొందూరు ఖద్దరు కూడా ఒకటి కొన్నాను, బండి చీపురుపల్లి చేరేసరికి మనసులో శుభలేఖలు పంచేసేవాణ్ణి. ఒకరోజు స్టేషన్లో పేపర్లు రాలేదు, ఖాళీ చేతుల్తో ఎక్కితే ఆమె నా మొహం కంటే ముందు చంక కేసి చూసి "ఈరోజు పేపర్ తేలేదా అండీ" అంది. డీఎస్సీకి చదువుతోంది, ఆమె సీటు ఆపింది నాకు కాదు, నా పేపర్లో లోపలి చదువుల పేజీకి.

మా అమ్మాయి సైకాలజీ చదువుతోంది, ఈ కథ చెప్తే పడీపడీ నవ్వి, 1982లోనే అమెరికాలో ఆంటోనియా అబ్బీ అనే ఆవిడ దీని మీద పరిశోధన చేసారు నాన్నా అంది. పరిచయం లేని అబ్బాయినీ అమ్మాయినీ ఐదు నిమిషాలు మాట్లాడించి చూస్తే, అమ్మాయి మామూలు స్నేహంగా మాట్లాడినా మగాళ్ళకి అది వేరేలా కనిపించిందట, చాటునుంచి చూసిన మగాళ్ళకి కూడా.

నన్నడిగితే ఆ తిన్నావా ఇంకెంతమందికి దక్కుతోందో ఒక పూట నిలబడి వినాలి, జీతం కోసం నవ్వే చోట నవ్వుని లెక్కెయ్యకూడదు. కౌంటర్ లేని చోట తనే వచ్చి పలకరించి, మీ అమ్మ మోకాలు ఎలాగుంది అని పోయిన నెల మాట గుర్తుపెట్టుకుని అడిగితే అప్పుడు ఆలోచించొచ్చు, అదైనా గ్యారంటీ కాదు, మర్యాదగా ఒక్కసారి అడిగెయ్యాలి, కాదంటే జరిగిపోవాలి. ఇష్టం లేదని తెలిసాక కూడా వెంటపడితే 2024 జూలై 1 నుంచి అమల్లోకొచ్చిన భారతీయ న్యాయ సంహితలో 78 సెక్షన్ ఉంది, మొదటిసారికే మూడేళ్ళ దాకా జైలు. ఈసారి గుర్తులు వేసినప్పుడు ఇది కూడా పక్కన బాక్సు కట్టి వెయ్యండి సార్.

అమ్మాయి మళ్ళీ పనికి వస్తంది. చిల్లర లేదంటే ఇప్పుడు తల దించుకునే ఫోన్‌పే చెయ్యండి అంటంది. గుంటకి ఒంట్లో బాలేదా నాయనా అని ముసలమ్మలు నన్నడుగుతున్నారు.

ఇట్లు,
ఒక జిరాక్స్ షాపు యజమాని, శ్రీకాకుళం