పురుగు ముట్టిన రాత్రి ఇంజెక్షన్ ఎవరు చేస్తారు?

సంపాదకుడు గారికి,

నమస్కారమండి. మాది కృష్ణా జిల్లా, దివిసీమ. వానలు మొదలై నాట్లు పడ్డాయంటే చాలు, మీ పత్రిక జిల్లా పేజీలో "పాముకాటుకు రైతు మృతి" అని ఒక మూలన మూడు లైన్ల వార్త కనిపిస్తూనే ఉంటుంది. పేరు, వయసు, ఊరు, పోలీసులు కేసు నమోదు చేశారు, అంతే. కాటు పడిన దగ్గర్నుంచి మందు ఒంట్లోకి ఎక్కేవరకు ఎన్ని గంటలు పట్టిందో ఆ వార్తలో ఎప్పుడూ ఉండదు. అసలు సంగతంతా అక్కడే ఉందని మా ఇంట్లో జరిగేదాకా నాకూ తెలియదు, అందుకే ఈ ఉత్తరం.

నిరుడు ఆగస్టులో మా పెదనాన్నగారి అబ్బాయి, రాత్రి ఎనిమిది దాటాక బోదెకు నీళ్ళొచ్చాయని కబురొస్తే తూము తీయడానికి చేలోకి వెళ్ళాడు. కాళ్ళకు చెప్పుల్లేవు (బురద గట్టు మీద చెప్పులేసుకుని నడిచే రైతు ఎవరైనా ఉంటే నాకు చూపించండి), చేతిలో సెల్‌ఫోను లైటు ఒకటే. మడమ పైన ఏదో గుచ్చుకుంటే ముల్లనుకున్నాడట, లైటు అటు తిప్పేసరికి లావుగా, ఒళ్ళంతా గొలుసు మచ్చలతో, కుక్కర్ విజిల్‌లా బుసకొడుతూ రక్తపింజరి. మా వైపు రాత్రిపూట పాము పేరెత్తరు, పురుగు అనే అంటారు. వదిన నాకు ఫోన్ చేసినప్పుడు అన్నదీ అదే, "బాబూ, మీ అన్నయ్యకి పురుగు ముట్టింది, బండి తీసుకుని తొందరగా రా".

నేను వెళ్ళేసరికి పిక్క పైన నైలాన్ తాడు బిగించి కట్టేశారు, ఒకాయన బ్లేడుతో గాటు పెట్టి రక్తం పిండేద్దామంటున్నాడు, ఇంకొకాయన పక్క ఊళ్ళో పసరు పోసే మనిషి ఉన్నాడని అంటున్నాడు, ఈ వాదనలోనే పావుగంట పోయింది. మన తప్పు మనం ఒప్పుకోవాలి కదా. తాడు కడితే విషం ఆగదు, రక్తం ఆడక కాలు పాడవుతుంది. గాటు పెడితే, రక్తం గడ్డ కట్టకుండా చేసే ఆ విషానికి మనమే ఇంకో దారి తెరిచినట్టు. కాలు కదపకుండా పెట్టి, ఉన్నపళంగా ఆసుపత్రికి తీసుకెళ్ళడమే మన పని. పామును చంపి సంచిలో వేసుకెళ్ళడానికి కూడా ఆగక్కర్లేదు, ఎందుకంటే తాచు, కట్లపాము, రక్తపింజరి, చిన్నపింజరి నాలుగింటి విషానికీ విరుగుడు ఒకటే మందు.

సరే, అన్నయ్యను బండి మీద మా ఇద్దరి మధ్యన కూర్చోబెట్టుకుని దగ్గర్లో ఉన్న ప్రాథమిక ఆరోగ్య కేంద్రానికి (పీహెచ్‌సీ) తీసుకెళ్ళాం, దాని పేరు రాయను, రాస్తే ఆ నర్సమ్మ మీదకే వస్తుంది. అప్పటికి తొమ్మిది దాటింది. స్టాఫ్ నర్సు ఒక్కరే ఉన్నారు. మందు లేదని కాదండి, ఆవిడే ఫ్రిజ్ తలుపు తీసి డబ్బా చూపించారు, "ఉంది, కానీ డాక్టరు గారు లేకుండా నేను ఎక్కించలేను, రియాక్షన్ వచ్చి ఊపిరాడకపోతే నేనొక్కదాన్నీ ఏం చెయ్యను" అన్నారు. డాక్టరు గారికి ఫోన్ కలిపితే పెద్దాసుపత్రికి పంపించేయమన్నారు. చీటీ మీద రిఫర్ అని రాసిచ్చారు. 108 ఇంకో కేసుకు వెళ్ళింది, ముప్పావు గంట పడుతుందన్నారు, ఇక ఆగలేక ఆటో మాట్లాడుకున్నాం. మందును వెనక వదిలేసి, మళ్ళీ అదే మందు కోసం ఇంకో గంటన్నర ప్రయాణం!

పట్నంలో ఆసుపత్రికి చేరేసరికి పన్నెండు కావస్తోంది, చిగుళ్ళ నుంచి రక్తం వస్తోంది. అక్కడి డ్యూటీ డాక్టరమ్మ ఏ మెషీనూ పెట్టలేదు. కాస్త రక్తం తీసి పొడి గాజు గొట్టంలో పోసి, కదపకుండా స్టాండులో నిలబెట్టి, గోడ గడియారం చూసి టైం రాసుకుంది. సరిగ్గా 20 నిమిషాలకు గొట్టాన్ని మెల్లగా ఒంచింది. ముద్దలా గడ్డ కట్టాల్సిన రక్తం నీళ్ళలా జారిపోయింది. "మొత్తం విరిగిపోయిందండి" అని, వెంటనే పది వయల్స్ (చిన్న సీసాలు) మందు కలిపి సెలైన్‌లో ఎక్కించడం మొదలుపెట్టింది. ఆ పరీక్షకు కావాల్సింది ఒక గాజు గొట్టం, ఒక గడియారం. మా పీహెచ్‌సీలో ఈ రెండూ లేవనుకోను.

అన్నయ్య బతికాడు. కానీ రక్తపింజరి విషం కిడ్నీలను దెబ్బతీస్తుందట, మూత్రం ఆగిపోయి మూడు వారాలు డయాలసిస్ మీద ఉన్నాడు, ఆ ఏడు ఊడ్చిన చేను చూసుకునే దిక్కులేక వేరేవాళ్ళకి అప్పజెప్పాం, ఆసుపత్రిలో తోడున్న మనుషుల తిండికి, తిరగడానికి అయిన అప్పు ఇంకా ఉంది. తొమ్మిదిన్నరకే మొదటి డోసు పడి ఉంటే ఇంతదాకా వచ్చేది కాదేమో. కచ్చితంగా చెప్పడానికి నేను డాక్టర్ని కాదు, కానీ ఎంత తొందరగా మందు పడితే అంత మంచిదని పట్నంలో చూసిన డాక్టర్లందరూ ఒకటే మాట చెప్పారు.

ఇదేదో మా ఒక్క ఇంటి గోల అనుకోవద్దు. 2000 నుంచి 2019 వరకు మన దేశంలో పాముకాటుతో సుమారు 12 లక్షల మంది, అంటే ఏటా సగటున 58,000 మంది పోయారని పరిశోధకులు లెక్కగట్టారు. వాళ్ళలో ఎక్కువమంది పల్లెటూళ్ళ వాళ్ళే, సగం చావులు వానాకాలంలోనే. చావులు బాగా ఎక్కువగా ఉన్న ఎనిమిది రాష్ట్రాల్లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ఒకటి. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2017లో పాముకాటును నిర్లక్ష్యానికి గురైన జబ్బుల జాబితాలో చేర్చింది. కేంద్రం 2024 మార్చిలో ఒక జాతీయ కార్యాచరణ ప్రణాళిక తెచ్చి, 2030కల్లా ఈ చావులను సగానికి తగ్గిస్తామంది. అదే ఏడు నవంబరులో ప్రతి కాటునూ, ప్రతి చావునూ ఆసుపత్రులు తప్పనిసరిగా లెక్క చెప్పేలా చూడమని రాష్ట్రాలకు ఉత్తరం రాసింది. కాగితం మీద అన్నీ ఉన్నాయి. రాత్రి తొమ్మిదింటికి ఇంజెక్షన్ ఎవరు చేస్తారన్నది మాత్రం మా దాకా రాలేదు.

మీకు గుర్తుండే ఉంటుంది, 2018లో దివిసీమలో వరసగా పాముకాట్లు పడుతుంటే మోపిదేవి గుళ్ళో ప్రభుత్వం తరఫున సర్పశాంతి హోమం చేయించారు. సుబ్రహ్మణ్యేశ్వరస్వామి మీద నాకూ భక్తి ఉంది, మా పిల్లలకు పుట్టువెంట్రుకలు అక్కడే తీయించాం, హోమం చేస్తే తప్పని అనను. ఆ శ్రద్ధలో కొంచెం రాత్రి డ్యూటీ మీద కూడా పెట్టమంటున్నానంతే.

డాక్టర్ల వైపు కూడా ఒక మాట చెప్పాలి. ఈ మందు గుర్రం రక్తం నుంచి తీస్తారు, కొందరికి దద్దుర్లు, వణుకు, ఒక్కోసారి ప్రాణం మీదకు వచ్చే రియాక్షన్ వస్తుంది, అప్పుడు ఆడ్రినలిన్ ఇంజెక్షన్ చేతికందేలా ఉండాలి. ఏదైనా జరగరానిది జరిగితే చుట్టాలు పదిమంది ఆసుపత్రి అద్దాలు పగలగొడతారు. ఆ టెన్షన్‌లో ఒంటరిగా ఉన్న నర్సు గానీ, అప్పుడే కాలేజీ నుంచి వచ్చిన కుర్ర డాక్టరు గానీ చీటీ రాసి పంపించేస్తే నేను ఆశ్చర్యపోను. రిఫర్ చేసినందుకు ఎవరూ సంజాయిషీ అడగరు, మందు వేసి తేడా వస్తేనే అడుగుతారు. ఇది తిరగబడాలి. పాము విషం కనబడుతున్న కేసులో మొదటి డోసు వేయకుండా ఎందుకు పంపారని అడిగే రోజు రావాలి. అలా అడగాలంటే ముందు నర్సులకు శిక్షణ ఇచ్చి, ఫోన్‌లో డాక్టరు చెబితే మొదలుపెట్టొచ్చని రాతపూర్వకంగా ఆర్డరు ఇచ్చి, రాత్రి కనీసం ఇద్దరిని డ్యూటీలో ఉంచాలి. డోసు మొదలయ్యాక పెద్దాసుపత్రికి పంపించండి, ఎవరు కాదంటారు?

కట్లపాము సంగతి ఇంకా ఘోరం, కింద చాప మీద పడుకున్నవాళ్ళను కరుస్తుంది, నొప్పి ఉండదు, గాటు కూడా కనిపించదు. తెల్లారేసరికి కడుపునొప్పి అంటారు, ఇంట్లోవాళ్ళు గ్యాస్ అనుకుని సోడా తాగిస్తారు, ఈలోగా కళ్ళు మూతలు పడిపోతాయి. అలాంటివాళ్ళను మొదట చూసేది ఆశా కార్యకర్తలే కాబట్టి వాళ్ళకు ఈ గుర్తులు చెప్పి ఉంచితే చాలు, దానికి పెద్ద ఖర్చేమీ లేదు.

ఇంకొక చిన్న కోరిక. ప్రతి పీహెచ్‌సీ గోడ మీద ఈ రోజు పాము మందు ఎన్ని వయల్స్ ఉన్నాయో, రాత్రి డ్యూటీలో ఎవరున్నారో సుద్దముక్కతో రాసిపెట్టమనండి. ఎక్కడికి పరుగెత్తాలో మాకు ముందే తెలుస్తుంది.

మొన్న మళ్ళీ నాట్లు మొదలయ్యాయి కదా అని అదే పీహెచ్‌సీకి వెళ్ళి మందు ఉందా అని అడిగాను. ఆ నర్సమ్మే ఉన్నారు, నన్ను గుర్తుపట్టి అన్నయ్య ఎలా ఉన్నారని అడిగారు, ఫ్రిజ్ తీసి చూపించారు, డబ్బా మీద గడువు తేదీ కూడా చదివి వినిపించారు. మరి రాత్రి వస్తే ఇప్పుడైనా ఎక్కిస్తారా అంటే కాసేపు ఏమీ అనలేదు. తర్వాత, "మీకు తెలిసిన పేపరు వాళ్ళెవరైనా ఉంటే ఒకసారి రాయించండి" అన్నారు.

(పేరు, ఊరు మీ ఆఫీసుకు విడిగా పంపుతున్నాను, దయచేసి అచ్చు వేయవద్దు.)

ఇట్లు,
దివిసీమ రైతు ఒకరు