పెడల్ ఎత్తు పెంచితే వెనక బ్రేకు బాగుపడదు

సంపాదకులకు నమస్కారం.

మీ పత్రిక వాహనాల పేజీలో ట్రయల్స్ మోటారుసైకిళ్ళ సంరక్షణ గురించి ఇటీవల వచ్చిన వ్యాసం చదివాను. రాళ్ళ మీదా ఎక్కుళ్ళలోనూ కాలు నేల తాకకుండా బండి నడిపే ఈ క్రీడ గురించి తెలుగులో రాసేవారు చాలా తక్కువ. అందుకని వ్యాసం కనబడగానే సంతోషించాను. కానీ వెనక బ్రేకు దగ్గరికి వచ్చేసరికి మనసు ఊరుకోలేదు. బ్రేకు పట్టు తగ్గితే పెడల్ ఎత్తు కొంచెం పెంచుకోవాలనీ, బండిని ఆపే పని ఎలాగూ ముందు బ్రేకుదే కాబట్టి పెద్దగా కంగారు పడనక్కరలేదనీ అందులో రాశారు. రెండో మాట రోడ్డు మీద చాలావరకు నిజమే. మొదటి మాట ఎక్కడా నిజం కాదు. ట్రయల్స్ బండి విషయంలో అయితే అది మనిషిని పడేసే సలహా.

ట్రయల్స్ నేర్చుకునే పిల్లల బళ్ళకు మరమ్మతులు చేయడం నా పని. అందుకే ఇంత గట్టిగా చెబుతున్నాను.

రోడ్డు మీద వేగంగా పోతూ బ్రేకు వేస్తే బరువు ముందు చక్రం మీదికి వస్తుంది, ముందు టైరు నేలను గట్టిగా పట్టుకుంటుంది. ట్రయల్స్‌లో నిటారుగా ఉన్న రాతి మీద బండి ఆగినప్పుడు బరువంతా వెనక చక్రం మీదే ఉంటుంది. అక్కడ ముందు బ్రేకు ఎంత బిగించినా ముందు టైరు తేలిపోతుంది, బండి వెనక్కి జారుతుంది. దాన్ని పట్టి నిలిపేది వెనక బ్రేకు ఒక్కటే. అంతకన్నా ముఖ్యమైనది ఇంకొకటి ఉంది. ఎక్కుడులో ముందు చక్రం అదుపు తప్పి గాల్లోకి లేచి, బండి మనిషి మీదికి తిరగబడబోయే క్షణంలో కుడి పాదంతో పెడల్‌ను తాకితే చాలు, ముందు భాగం కిందికి దిగుతుంది. పెడల్ తాకినా చక్రం బిగుసుకోకపోతే సుమారు 70 కిలోల బండి నడిపేవాడి మీద పడుతుంది. ఇక పోటీ సంగతి సరేసరి. కాలు ఒక్కసారి నేల తాకితే ఒక తప్పు మార్కు, సెక్షన్ (పోటీ దారిలో ఒక భాగం) పూర్తి చేయలేకపోతే ఐదు. ఎవరికి తక్కువ మార్కులు పడితే వారే గెలిచే ఆటలో, వెనక చక్రం నిలవని బండితో గెలవాలనుకోవడం అత్యాశ.

పెడల్ ఎత్తు పెంచడం వల్ల బ్రేకుకు అదనంగా బలం రాదు. పాదం తాకే చోటు మాత్రమే మారుతుంది. బలం ఎక్కడ పోతోందో కనిపెట్టాలి. అందుకు బండిని స్టాండు మీద నిలిపి, పెడల్‌ను కాలితో కాకుండా చేత్తో నొక్కి చూడమంటాను. బూటు లోపల ఉన్న పాదానికి తెలియని తేడా అరచేతికి తెలుస్తుంది.

పెడల్ మెత్తగా కిందికి పోయి, రెండు మూడు సార్లు వెంటవెంటనే కొడితే గట్టిపడిందంటే చాలావరకు లోపల గాలి ఉన్నట్టే. ట్రయల్స్ బండి వెనక బ్రేకులోంచి గాలి తీయడం మామూలు బండిలో తీసినంత తేలిక కాదు. పెడల్ నొక్కితే ఆయిల్‌ను నెట్టే మాస్టర్ సిలిండర్ చిన్నది, ఒక్కసారి నొక్కితే అది పంపే ఆయిలూ కొంచెమే. బుడగ గొట్టంలో కొంత దూరం జరుగుతుంది, పెడల్ వదలగానే మళ్ళీ వెనక్కి వస్తుంది. పైగా కొన్ని బళ్ళలో కాలిపర్ (ప్యాడ్లతో డిస్కును పట్టే భాగం) అమర్చిన తీరు వల్ల ఆయిల్ వదిలే నిపుల్ అన్నిటికన్నా ఎత్తున ఉండదు. గాలి ఎప్పుడూ పైకే పోతుంది కాబట్టి నిపుల్ కన్నా ఎత్తున ఉన్న మూలలో చిక్కుకుని అక్కడే ఉండిపోతుంది. పైనుంచి పెడల్ కొడుతూ కింద నిపుల్ విప్పి గాలి తీసే పాత పద్ధతిలో సీసా ఆయిల్ ఖాళీ అయినా పెడల్ మెత్తగానే ఉంటుంది. కొత్త మెకానిక్కులు చాలామంది ఇక్కడే విసిగిపోయి మాస్టర్ సిలిండర్ పాడైందని తేల్చేస్తారు.

నేను కింది నుంచి పైకి ఎక్కిస్తాను. మొదట రిజర్వాయరు (బ్రేకు ఆయిల్ ఉండే డబ్బా) మూత తీసి అందులోని పాత ఆయిల్ తోడేస్తాను. కాలిపర్‌ను బ్రాకెట్ నుంచి విప్పి, నిపుల్ పైకి ఉండేలా పట్టుకుంటాను. ప్యాడ్లు తీసేసి, పిస్టన్లు బయటికి రాకుండా వాటి మధ్య సరిపడే చెక్కముక్క పెడతాను. పెద్ద సిరంజిలో కొత్త ఆయిల్ నింపి, సన్నని పారదర్శక గొట్టం తొడిగి, ఆ గొట్టంలో ఒక్క బుడగ కూడా లేదని చూసుకున్నాకే నిపుల్‌కు తగిలించి, నిపుల్ పావు చుట్టు వదులు చేసి నెమ్మదిగా నెడతాను. తొందరపడకూడదు. కాసేపటికి రిజర్వాయరు అడుగున ఆయిల్ ఊరడం మొదలవుతుంది, ముందు పెద్ద బుడగలు, తరువాత ఆవగింజలంత చిన్నవి పైకి వస్తాయి. అవి ఆగిపోయాక కూడా కాలిపర్‌ను స్క్రూడ్రైవరు పిడితో చిన్నగా తట్టి మరికొంత నెడితే, దాక్కున్న బుడగ ఇంకొకటి తప్పక తేలుతుంది. రిజర్వాయరు నిండిపోతుంటే మధ్యమధ్య తోడేయాలి. ఈ ఆయిల్ రంగును తినేస్తుంది, ప్యాడ్లను పాడుచేస్తుంది, అందుకే చుట్టూ గుడ్డలు కప్పి ఉంచాలి, ఎక్కడైనా ఒలికితే వెంటనే నీళ్ళతో కడిగేయాలి.

ఆయిల్ ఎంపికలో ఇష్టారాజ్యం పనికిరాదు. ఏది పోయాలో రిజర్వాయరు మూత మీదే అచ్చు వేసి ఉంటుంది, చాలా బళ్ళ బ్రేకుల్లో అది డాట్ 4 అనే రకం. కొన్ని ట్రయల్స్ బళ్ళలో క్లచ్‌కు మినరల్ ఆయిల్ వాడతారు. రెండు సీసాలూ ఒకే అరలో పెట్టుకుని ఒకదానికి బదులు ఇంకొకటి పోస్తే రబ్బరు సీళ్ళు ఉబ్బి మాస్టర్ సిలిండరూ కాలిపరూ రెండూ పోతాయి. డాట్ 5 అంటే సిలికాన్, దాన్ని డాట్ 4తో కలపకూడదు. డాట్ 4 గాలిలోని తేమను పీల్చుకుంటుంది. కొత్తగా ఉన్నప్పుడు కనీసం 230 డిగ్రీల సెల్సియస్ దాకా మరగని ఈ ఆయిల్, తేమ చేరాక 155 డిగ్రీల దగ్గరే మరగవచ్చని ప్రమాణాలు చెబుతున్నాయి. మూత తెరిచి ఎన్నాళ్ళుగానో ఉంచిన సీసాను నేను బ్రేకులకు వాడను.

ఇక రెండో రకం లోపం. పెడల్ రాయిలా గట్టిగా ఉంటుంది, చక్రం మాత్రం బిగుసుకోదు. ఇలాంటి బండికి మళ్ళీ మళ్ళీ గాలి తీయడం వృథా శ్రమ, ఎందుకంటే ఒత్తిడి కాలిపర్ దాకా చక్కగానే వస్తోంది. లోపం ప్యాడ్లదీ డిస్కుదీ. ఈమధ్య ఒక అమ్మాయి ఇలాంటి బండినే తెచ్చింది. ఇంకా గట్టిగా తొక్కడం అలవాటు చేసుకోమని ఎవరో చెప్పారట. చీలమండ నొప్పి పుట్టేదాకా తొక్కింది పాపం. ప్యాడ్లు తీసి చూస్తే మందం బాగానే ఉంది, కానీ ముఖాలు నల్లగా, గాజు పెంకులా మెరుస్తున్నాయి. ఒక మూల మీద నీటి చుక్క వేస్తే ఇంకకుండా ముత్యంలా నిలబడింది. చైనుకు కొట్టిన స్ప్రే డిస్కు మీద పడి ప్యాడ్లలోకి ఇంకింది. చైను మీద నూనె చల్లేటప్పుడు డిస్కుకు అడ్డంగా అట్టముక్క పెట్టి ఉంటే ఆ నొప్పి ఉండేది కాదు. వెనక డిస్కు చాలా బళ్ళలో 150 మిల్లీమీటర్ల దరిదాపుల్లో ఉంటుంది, అంత చిన్న ముఖం మీద కాస్త జిడ్డు చేరినా పట్టు సగానికి సగం పోయినట్టు అనిపిస్తుంది.

నూనె పీల్చిన ప్యాడ్లను కాల్చి, ఉడికించి బాగు చేస్తామనేవారున్నారు. నేను మాత్రం పారేయమనే చెబుతాను, ప్రాణం కన్నా ప్యాడ్లు ఎక్కువ కావు. జిడ్డు లేకుండా పైపొర మాత్రం మెరుపెక్కితే, గాజు పలక మీద ఎమరీ పేపరు పరిచి నాలుగు రుద్దులు రుద్దితే సరిపోతుంది. డిస్కును బ్రేక్ క్లీనరుతో గాని, ఐసోప్రొపైల్ ఆల్కహాలుతో గాని తుడవాలి. కిరోసినూ డీజిలూ పనికిరావు, ఆరాక కూడా జిడ్డు పొర మిగులుస్తాయి. డిస్కు మీద కనీస మందం చెక్కి ఉంటుంది, అంతకన్నా అరిగితే మార్చడమే. కొత్త ప్యాడ్లు వేసిన వెంటనే పట్టు రాదు. మొదటి గేరులో నడుపుతూ పెడల్‌ను మెల్లగా నొక్కి ఉంచి, వేడెక్కగానే డిస్కు మీద కొంచెం నీళ్ళు చల్లి, మళ్ళీ అలాగే నడపడం ట్రయల్స్ వాళ్ళకు అలవాటైన పద్ధతి. ప్యాడు ముఖం డిస్కుకు పూర్తిగా ఆనేదాకా ఓపికగా చేయాలి.

మూడో రకం లోపాన్నే మీ వ్యాసంలోని సలహా నేరుగా తెచ్చిపెడుతుంది. పెడల్ ఎత్తు పెంచడానికి పుష్‌రాడ్‌ను (పెడల్ నుంచి మాస్టర్ సిలిండర్ పిస్టన్‌ను నెట్టే కడ్డీని) పొడుగు చేస్తే, పాదం ఎత్తేసినా అది పిస్టన్‌ను కొంచెం నెట్టే ఉంచుతుంది. మాస్టర్ సిలిండర్ లోపల ఆయిల్ రిజర్వాయరులోకి తిరిగి వెళ్ళే సూదిబెజ్జమంత రంధ్రం మూసుకుపోతుంది. వేడెక్కి వ్యాకోచించిన ఆయిల్‌కు దారి ఉండదు, ప్యాడ్లు డిస్కును రాస్తూనే ఉంటాయి, ఇంకా వేడెక్కుతుంది. మొదట బ్రేకు మహా గట్టిగా ఉన్నట్టు తోస్తుంది. ఎత్తు పెంచినవాడు సలహా పనిచేసిందని మురిసిపోతాడు. కాసేపటికి ఆయిల్ మరిగి పెడల్ ఒక్కసారిగా చచ్చుబడుతుంది. కాబట్టి లాక్ నట్ వదులు చేసి, పెడల్ పూర్తిగా పైకి ఉన్నప్పుడు పుష్‌రాడ్‌కూ పిస్టన్‌కూ మధ్య మిల్లీమీటరు పాటి ఖాళీ ఉందో లేదో వేళ్ళతో కదిపి చూడాలి. రిజర్వాయరు మూత తీసి, ముఖం దూరంగా పెట్టి, పెడల్‌ను అతి నెమ్మదిగా నొక్కితే మొదటి కదలికలోనే ఆ రంధ్రంలోంచి ఆయిల్ చిన్నగా పొంగాలి. పొంగకపోతే పుష్‌రాడ్ నెట్టుకుని ఉన్నట్టు, లేదా రంధ్రంలో మడ్డి చేరినట్టు. పెడల్ ఎత్తు నిజంగానే కాలికి కుదరకపోతే ఈ ఖాళీ పోకుండా సర్దుకోవాలి.

డ్రమ్ము బ్రేకుల పాత బళ్ళ గురించి వ్యాసంలో ఏమీ లేదు. 1965లో స్కాట్లాండ్‌లో ఆరు రోజులు జరిగే స్కాటిష్ సిక్స్ డేస్ ట్రయల్ పోటీని సామీ మిల్లర్ అనే రైడరు గెలిచింది డ్రమ్ము బ్రేకుల బుల్టాకో బండి మీదే, కాబట్టి డ్రమ్ము అనగానే నాసిరకం అనుకోనక్కరలేదు. బ్రేకు పూర్తిగా పట్టినప్పుడు కామ్ ఆర్మూ (డ్రమ్ము బయట ఉండే మీట) దాన్ని లాగే రాడ్డూ ఒకదానికొకటి లంబంగా ఉండాలి, కోణం దాటితే కాలి బలం వృథా అవుతుంది. లైనింగుకు సుద్ద పూసి చక్రం తిప్పి బ్రేకు వేస్తే ఎక్కడ ఆనుతోందో, ఎక్కడ ఆనడం లేదో సుద్దే చూపిస్తుంది.

పెడల్ ఎత్తు సలహాకు సవరణ వేయమనీ, అందులో రెండు విషయాలు తప్పక చేర్చమనీ నా విన్నపం. ఒకటి, పుష్‌రాడ్ దగ్గర ఉండవలసిన ఖాళీ. రెండోది, ఏ ఆయిల్ పోయాలో రిజర్వాయరు మూత మీద చూసుకోవడం. మీ వ్యాసం చదివి ఇప్పటికే పుష్‌రాడ్‌ను పొడుగు చేసుకున్నవారు ఉంటే, బండి మళ్ళీ రాళ్ళ మీదికి ఎక్కించే ముందే దాన్ని పాత కొలతకు తెచ్చుకోవాలని కూడా ఆ సవరణలోనే చెప్పండి.

ఇట్లు,
ట్రయల్స్ బళ్ళ మరమ్మతు చేసే మీ పాఠకుడు