చిన్నీకి, 46వ నంబరు గురించి

టార్నీట్, మెల్‌బోర్న్,
ఆదివారం రాత్రి

చిన్నీ,

మీ అమ్మ పడుకుంది. నువ్వు గురువారం పంపిన మెసేజ్ ఇప్పటికి నాలుగుసార్లు చదివాను. "నవ్వకు నాన్నా, హాస్టల్ అమ్మాయిలు ఫుటీ టీమ్‌లోకి రమ్మంటున్నారు. ఇరవై ఏళ్లొచ్చాక కొత్తగా బాల్ పట్టుకోవడం ఏంటి, కామెడీ కాకపోతే" అని రాశావు. ఫోన్ చేద్దామంటే నేనేం చెప్పినా "సరేలే నాన్నా" అని పెట్టేస్తావు. ఉత్తరమైతే మధ్యలో పెట్టెయ్యలేవు కదా, అందుకే రాస్తున్నాను.

నేను నవ్వలేదు. ఫుటీ, అంటే ఈ ఆస్ట్రేలియావాళ్ల ఫుట్‌బాల్, అనగానే నాకు వెంటనే గుర్తొచ్చింది మన 46వ నంబరు, జీలాంగ్ క్లబ్ ఆటగాడు మార్క్ బ్లిట్సావ్స్.

2015లో మన టార్నీట్ స్టేషన్ కొత్తగా తెరిచారు గుర్తుందా? జీలాంగ్ రైలు మన పక్కనుంచే వెళ్తోందని నువ్వు గోల చేస్తే, ఒక శనివారం జీలాంగ్ క్లబ్ గ్రౌండ్ కార్డీనియా పార్క్‌కి తీసుకెళ్లాను. నీకు పదేళ్లు. నాకు ఆ ఆట ముక్క అర్థం కాలేదు. చూస్తే క్రికెట్ గ్రౌండ్. అందులో ఒక్కో జట్టుకి 18 మంది. బాల్ కోడిగుడ్డులా ఉంటుంది, దాన్ని తన్నొచ్చు, పిడికిలితో కొట్టొచ్చు, చంకలో పెట్టుకుని పరిగెత్తొచ్చు. మధ్య రెండు స్తంభాల్లోంచి తంతే ఆరు పాయింట్లు. గురి కాస్త తప్పి పక్క సందులోంచి పోయినా ఒక పాయింటు! మా హైస్కూల్ లెక్కల మాస్టారు చూసి ఉంటే ఒప్పుకునేవారు కాదు.

ఆ గందరగోళంలో నువ్వే అడిగావు, "నాన్నా, ఆ పొడుగాయన అలిసిపోడా?" అని. అప్పుడు చూశాను. 198 సెంటీమీటర్ల మనిషి, తాటిచెట్టులా ఉన్నాడు. మిగతా పొడుగువాళ్లంతా మూడో క్వార్టర్‌కే మోకాళ్ల మీద చేతులు పెట్టుకుని వంగిపోతుంటే, ఈయన గ్రౌండ్ ఈ చివర నుంచి ఆ చివరకి ఉరుకుతూనే ఉన్నాడు. ఇంటికొచ్చాక ఆయన గురించి వెతికి చదివాను. అప్పటినుంచి, నీకు ఫుటీ మీద మోజు తగ్గాక కూడా, నేను మాత్రం ఆయన్ని వదల్లేదు.

ఆయన అసలు ఫుట్‌బాలరే కాదు, చిన్నీ. పుట్టింది బాస్కెట్‌బాల్ ఇంట్లో. తండ్రి ఆండ్రిస్ 1976 మాంట్రియల్ ఒలింపిక్స్‌లో ఆస్ట్రేలియాకి ఆడాడు, తల్లి కూడా దేశానికి ఆడిన మనిషే. చెల్లెలు సారా కూడా ఆ దారిలోనే వెళ్లి దేశం జెర్సీ వేసుకుంది. అంత పొడుగుంటే ఎవరైనా బుట్ట కిందకే వెళ్తారు. ఈయన మాత్రం ట్రాక్ మీదకి వెళ్లాడు. అదీ మామూలు పరుగు కాదు, స్టీపుల్‌ఛేజ్. 3000 మీటర్లు, 28 సార్లు అడ్డంకులు దాటాలి, ఏడుసార్లు నీళ్లగుంట దాటాలి. నువ్వు పరిగెత్తేదానివి కాబట్టి నీకు తెలుసు, ఆ అడ్డంకులు హర్డిల్స్‌లా కాలు తగిలితే పడిపోయేవి కావు. పడేది మనిషే. సన్నగా, తేలిగ్గా ఉండేవాళ్ల ఆట అది. అంత పొడవు మనిషి అందులో ఎందుకు దిగాడో నాకు ఇప్పటికీ వింతే. లండన్ ఒలింపిక్స్ మీద కళ్లు పెట్టుకుని పరిగెత్తాడు.

లండన్ కుదరలేదు. 2011 చివర్లో జీలాంగ్ క్లబ్ ఆయన్ని రూకీ డ్రాఫ్ట్‌లో తీసుకుంది, 54వ పిలుపులో. డ్రాఫ్ట్ అంటే క్లబ్బులు వరసగా కుర్రాళ్లని ఎంచుకోవడం. రూకీ డ్రాఫ్ట్ దాని తర్వాతది, పెళ్లిలో ఆఖరి బంతి లాంటిది. అందులోనూ మూడేళ్లుగా ఏ ఫుటీ పోటీలోనూ ఆడనివాళ్లని తీసుకోవడానికి వేరే వెసులుబాటు ఒకటి ఉండేది. ఈయన ఆ తలుపులోంచి వచ్చాడు. అప్పటికి జీలాంగ్ కొద్ది నెలల కిందటే కప్పు గెలిచి ఉంది, మనుషులకి కరువేం లేదు. బాల్ పట్టడం మనం నేర్పుకోవచ్చు, ఆ ఊపిరి మాత్రం ఎక్కడా దొరకదు అనుకుని ఉంటారు.

ఏడాదిన్నర తిరక్కుండానే, 2013 ఏప్రిల్ 1న, ఎం.సి.జి.లో హాథార్న్ మీద మొదటి మ్యాచ్. ఆ క్లబ్బుల పోరు ఎలా ఉంటుందో ఇక్కడ ఎవర్ని అడిగినా చెప్తారు. ఎక్కువ ఆటలు చూడకుండానే అందులోకి దిగిన మనిషి, ఆ రోజు జట్టు గెలిచింది కూడా. వీపు మీద నంబర్ 46. అంత పెద్ద నంబర్లు సాధారణంగా కొత్తవాళ్లకీ, ఉంటారో పోతారో తెలియనివాళ్లకీ ఇస్తారు. తర్వాత పేరొచ్చాక కూడా ఆయన దాన్ని మార్చుకోలేదు. నాకు ఆయనలో బాగా నచ్చింది అదే, ఎందుకో అడక్కు.

ఇప్పుడు అసలు సంగతి. ఆయన ఎక్కడ ఆడతాడు అని నువ్వు ఎవరినైనా అడిగితే, ఏ సంవత్సరం అని ఎదురు అడుగుతారు. మొదట్లో రక్. అంపైర్ మధ్యలో బాల్‌ని పైకి లేపగానే రెండు జట్ల పొడుగువాళ్లు ఎగిరి దాన్ని తమవాళ్ల వైపు తట్టాలి. తర్వాత అవతలి జట్టులో మంచి మిడ్‌ఫీల్డర్ ఎవరుంటే వాడి వెనక నీడలా పడ్డాడు. ఆ పని మామూలుగా పొట్టిగా, చురుగ్గా ఉండేవాళ్లకి ఇస్తారు. తాటిచెట్టు వచ్చి నీ వెనక పడితే ఎలా ఉంటుందో ఊహించు. కొన్నాళ్లు వింగ్‌లో, అంటే గ్రౌండ్ పక్క అంచున. ఆ తర్వాత ఏకంగా వెనక్కి పంపించి, అవతలి జట్టు పెద్ద ఫార్వర్డ్‌లని ఆపమన్నారు. మళ్లీ కొన్నేళ్లకి రక్‌లోకి రమ్మన్నారు.

జీలాంగ్‌లో ఏటా అత్యుత్తమ ఆటగాడికి ఇచ్చేది కార్జీ గ్రీవ్స్ మెడల్. 1924లో మొట్టమొదటి బ్రౌన్లో మెడల్, అంటే లీగ్ మొత్తంలో ఉత్తమ ఆటగాడికి ఇచ్చేది, అందుకున్న మనిషి పేరు మీద పెట్టారు. బ్లిట్సావ్స్ దాన్ని 2015లో గెలిచాడు, రక్‌లోనూ మిడ్‌ఫీల్డ్‌లోనూ ఆడుతూ. 2018లో మళ్లీ గెలిచాడు, ఈసారి డిఫెండర్‌గా. ఒకే మెడల్, రెండు వేర్వేరు ఉద్యోగాలకి. రెండోసారి అయితే క్లబ్‌లో కెప్టెన్ సెల్‌వుడ్, డేంజర్‌ఫీల్డ్ లాంటి పెద్ద ఆటగాళ్లు ఉండగా!

మన పెళ్లిళ్లలో ఒక బాబాయి ఉంటాడు చూడు. వడ్డనకి మనిషి తక్కువైతే సాంబారు బకెట్ అందుకుంటాడు, కరెంటు పోతే జనరేటర్ దగ్గరకి పరిగెత్తుతాడు, పంతులుగారి బస్సు లేటైతే స్కూటరేసుకుని బస్టాండ్‌కి పోతాడు. ఆల్బమ్‌లో ఎక్కడా ఉండడు. బ్లిట్సావ్స్ ఆ బాబాయి. తేడా ఏంటంటే, జీలాంగ్ వాళ్లు ఆయన్ని రెండుసార్లు స్టేజీ ఎక్కించి దండేశారు. అందుకే నాకు ఆ క్లబ్ మీద కూడా గౌరవం. నిజం చెప్పాలంటే ఆయన కిక్ చూడముచ్చటగా ఏమీ ఉండదు, ఇంటి దగ్గర మనిద్దరం ఎన్నిసార్లు తల పట్టుకున్నామో!

కప్పు మాత్రం అంత తొందరగా రాలేదు. 2020 ఫైనల్లో రిచ్‌మండ్ చేతిలో 31 పాయింట్ల తేడాతో ఓడారు. కోవిడ్ వల్ల ఆ ఫైనల్ బ్రిస్బేన్‌లో జరిగింది, మనం లాక్‌డౌన్‌లో సోఫాలో కూర్చుని చూశాం. మ్యాచ్ అవ్వగానే నువ్వు బూట్లేసుకుని చీకట్లో వీధి చుట్టూ పరిగెత్తడానికి వెళ్లావు. 2022 ఫైనల్లో సిడ్నీ మీద 133-52తో గెలిచారు. అది బ్లిట్సావ్స్‌కి పదో సీజన్. సెల్‌వుడ్‌కి అదే ఆఖరి మ్యాచ్. ఆ రోజు నేను అరిచిన అరుపులకి మీ అమ్మ కుక్కర్ ఆపేసి పరిగెత్తుకొచ్చింది, ఎవరికో ఏదో అయిందని. 2025 సెప్టెంబర్ ఫైనల్లో బ్రిస్బేన్ చేతిలో 47 పాయింట్ల తేడాతో పోయింది, దాని గురించి ఎక్కువ రాయను, కడుపు మండుతుంది. కానీ 54వ పిలుపులో వచ్చిన ఆ కుర్రాడు 250 మ్యాచ్‌లు ఎప్పుడో దాటేసి, 2025లో 34 ఏళ్లకి కూడా ఆడుతూనే ఉన్నాడు. అంతదాకా వస్తాడని 2011లో ఎవరూ అనుకుని ఉండరు.

ఇదంతా నీకెందుకు రాస్తున్నానో నీకు తెలుసు.

లేక్‌సైడ్ స్టేడియంలో ఆ 800 మీటర్ల రోజు నేను నీతో సరిగ్గా మాట్లాడలేదు. అప్పటికే పిక్క ఎముక నొప్పితో ఉన్నావు. ఒకాయన నీ ముఖం మీదే "ఈ అమ్మాయికి స్పీడ్ లేదు" అన్నాడు. ఏదో ఒకటి అనాల్సింది పోయి నేను పార్కింగ్ టికెట్ కోసం జేబులు వెతుక్కున్నాను. కార్లో కూడా పాటలు పెట్టాను. తర్వాత నువ్వు అమ్మతో "ఆరేళ్లు వేస్ట్" అన్నావని తెలిసింది. రెండేళ్లు స్పైక్స్ బూట్లు ముట్టుకోలేదు, అవి ఇంకా గరాజ్‌లో సంచీలోనే ఉన్నాయి. నేను అప్పుడప్పుడు బయటికి తీసి మట్టి దులిపి మళ్లీ పెడుతుంటాను. వేస్టయితే ఎందుకు దులుపుతాను?

ఇక్కడికి వచ్చిన కొత్తలో నేనూ సివిల్ ఇంజనీరు పట్టా పట్టుకుని రాత్రుళ్లు గోడౌన్‌లో పెట్టెలు మోశాను, తర్వాత టాక్సీ నడిపాను. అప్పుడు నాకు సిగ్గుగా ఉండేది, ఊరికి ఫోన్ చేసినప్పుడు "ఆఫీస్" అని చెప్పేవాణ్ని. బ్లిట్సావ్స్ ట్రాక్ నుంచి గడ్డి మీదకి వచ్చినప్పుడు ఎవరికైనా అబద్ధం చెప్పాడో లేదో గానీ, ఆ స్టీపుల్‌ఛేజ్ ఊపిరితోనే ఇన్నేళ్లు బతికాడు. ఫుటీలో మిడ్‌ఫీల్డర్లు మ్యాచ్‌కి 12, 13 కిలోమీటర్లు పరిగెత్తుతారట. నీకది కొత్త కాదు. హాస్టల్ పిల్లలు నిన్ను ఊరికే పిలవలేదు, నువ్వు ఉదయం కాలేజీ గ్రౌండ్ చుట్టూ తిరగడం ఎవరో చూసే ఉంటారు. అవును, మళ్లీ పరిగెత్తుతున్నావని నాకు తెలుసు. ఎలా తెలుసో చెప్పను.

బాల్ పట్టడం రాదంటావా, నేర్చుకో. మొదట్లో ఎక్కడ నిలబెడతారో అక్కడ నిలబడు. బెంచీ మీదైతే బెంచీ మీద.

శనివారం పది గంటల బండికి బెండిగో వస్తున్నాం, ఇద్దరం. నిన్న షెరిన్ కంపెనీ ఫుటీ బాల్ ఒకటి కొన్నాను, ఆడవాళ్లు ఆడే 4వ సైజే. పార్కులో ఒకసారి తన్ని చూశాను. బాల్ కంటే నా చెప్పు ఎక్కువ దూరం వెళ్లింది. అక్కడ కుక్కని తిప్పుతున్న ఒకాయన పరిగెత్తి బాల్ తెచ్చిచ్చి, ఎలా పట్టుకోవాలో చూపించి వెళ్లాడు. ఇప్పుడు పక్కింటివాళ్ల గరాజ్‌లో దాచాను. ఎందుకంటే మీ అమ్మకి ఇంకా చెప్పలేదు. ఆమె నువ్వు ఆడబోయేది గుండ్రటి బాల్ ఫుట్‌బాల్ అనుకుంటోంది, అలాగే అనుకోనీ కొన్నాళ్లు. టీవీలో ఇది చూసినప్పుడల్లా పళ్ల గురించే భయపడేది.

మౌత్‌గార్డ్ కూడా కొన్నాను. సున్నుండల డబ్బాలో అడుగున, టిష్యూ కింద ఉంటుంది. డబ్బా అమ్మ ముందు తెరవకు.

నాన్న