జర్మనీ విజిట్ వీసా వచ్చింది: ఫైలు సరిదిద్దిన అక్కలకు, అన్నలకు కృతజ్ఞతలు

అందరికీ నమస్కారం. జర్మనీలో ఉన్న కాబోయే భర్త దగ్గరికి వెళ్లడానికి పెట్టిన దరఖాస్తు ఫైలును మీరంతా చూసి సరిదిద్దారు కదా, పాస్‌పోర్టులో షెంగెన్ స్టిక్కర్ (జర్మనీతో సహా చాలా ఐరోపా దేశాలకు కలిపి ఇచ్చే వీసా) పడింది. థాంక్స్ అని ఒక్క ముక్కతో సరిపెడితే మీరు పడ్డ శ్రమ మా ఇద్దరితోనే ఆగిపోతుంది. అందుకే ఎవరు ఏ తప్పు పట్టారో, అది ఎందుకు తప్పో రాస్తున్నాం. నిశ్చితార్థం అయ్యాక ఒకరు ఇక్కడ, ఒకరు అక్కడ ఉన్న జంటలకు పనికొస్తుంది.

మొదటి దండం ఫ్రాంక్‌ఫర్ట్ అక్కకు. "టూరిజం అని పెట్టొద్దు" అని మొహమాటం లేకుండా చెప్పింది. కాబోయే భర్త ఇంటికి వెళ్తూ ఫారంలో పర్యటన అని టిక్కు పెట్టి, ఉత్తుత్తి హోటల్ బుకింగ్ జతచేసేవాళ్లు చాలామందే ఉన్నారు. సంబంధం బయటపెడితే 'ఈ అమ్మాయి తిరిగి రాదు' అనుకుంటారని భయం. ఆహ్వాన లేఖలో ఒక చిరునామా, బుకింగ్‌లో ఇంకో చిరునామా, కౌంటర్లో అడిగితే మూడో మాట వస్తే అసలు అనుమానం అప్పుడే మొదలవుతుంది. కాబట్టి 'కుటుంబ సభ్యులను, స్నేహితులను కలవడం' అన్న గడిలోనే టిక్కు పడాలి. నిశ్చితార్థం అయినా వైవాహిక స్థితి దగ్గర 'అవివాహిత' అనే రాయాలి. ఐరోపా పౌరుల కుటుంబ సభ్యుల కోసం ఫారంలో ఉన్న భాగం ఖాళీగా వదిలేయాలి. బ్లూ కార్డు (బయటి దేశాల నిపుణులకు ఇచ్చే ఉద్యోగ అనుమతి) మీద పనిచేస్తున్న కాబోయే భర్త అక్కడి పౌరుడు కాడు కదా.

కవరింగ్ లెటర్ ఎలా ఉండాలో కూడా అక్కే చూపించింది. పరిచయం ఎలా అయింది, ఎవరు ముందు ఒప్పుకున్నారు లాంటివన్నీ కొట్టేయించింది. మిగిలింది ఇంతే: "మాకు ఫలానా తేదీన నిశ్చితార్థం జరిగింది. 21 రోజులు ఆయన ఇంట్లో ఉంటాను. ఆయన ఇచ్చిన హామీ పత్రం జతచేశాను. ఫలానా తేదీన తిరిగి ఉద్యోగంలో చేరాలి, సెలవు మంజూరు లేఖ వెనక ఉంది." కింద నిశ్చితార్థం ఫొటోలు రెండు చాలు. ఆల్బమ్ మొత్తం అక్కర్లేదు.

ఇక హామీ పత్రం. దాని అసలు పేరు ఫెర్‌ప్‌ఫ్లిష్టుంగ్స్‌ఎర్‌క్లేరుంగ్. నోరు తిరగక అందరూ వీఈ అంటారు. వచ్చినవాళ్ల ఖర్చు నాదే అని అక్కడున్న మనిషి తన ఊరి విదేశీయుల కార్యాలయంలో సంతకం పెట్టి తీసుకునే కాగితం ఇది. రుసుము 29 యూరోలు. పేస్లిప్పులు, ఇంటి అద్దె ఒప్పందం, తన పాస్‌పోర్టు, రెసిడెన్స్ కార్డు పట్టుకెళ్లాలి. పెద్ద ఊళ్లలో అపాయింట్‌మెంట్‌కే వారాలు పట్టొచ్చు, టికెట్ల ఆలోచన కంటే ముందు దీని సంగతి చూడాలి. ఇచ్చిన తేదీ నుంచి ఆరు నెలల్లోపు దాన్ని వీసా కోసం వాడాలి. ఒరిజినలే ఇండియాకు కొరియర్లో రావాలి, స్కాన్ చేసి పంపిస్తే కుదరదు.

ఈ కాగితంలో పేరు చూడమని చెప్పిన స్టుట్‌గార్ట్ అన్నకు ప్రత్యేకంగా రుణపడ్డాం. మన తెలుగువాళ్లకు ఇంటిపేరు దగ్గరే తంటా. పాస్‌పోర్టులో ఇంటిపేరు పూర్తిగా ఉంటుంది, బ్యాంకులో పొడి అక్షరం ఉంటుంది, ఆఫీసు లేఖలో అసలు ఇంటిపేరే ఉండదు. బ్యాంకు కాగితాల్లో పొడి అక్షరం ఉంటే కవరింగ్ లెటర్లో ఒక వాక్యంతో వివరించవచ్చు. వీఈలో, ప్రయాణ బీమాలో మాత్రం పాస్‌పోర్టులో ఉన్నది ఉన్నట్టు, అదే వరసలో, అవే స్పెల్లింగులతో పడాలి. కార్యాలయం కౌంటర్ దగ్గరే పాస్‌పోర్టు జిరాక్స్ పక్కన పెట్టి అక్షరం అక్షరం సరిచూసుకోవాలి. ఇంటికొచ్చాక తప్పు కనబడితే మళ్లీ అపాయింట్‌మెంట్ వెతుక్కోవాల్సిందే.

వీఈ ఉంటే ఇంకేం కావాలి అనుకోవడం పెద్ద పొరపాటని చెప్పింది వరంగల్ సీఏ అన్న. ఖర్చు ఎవరిదన్న ప్రశ్నకే అది జవాబు. తిరిగి వస్తారా అన్న ప్రశ్న అలాగే మిగిలి ఉంటుంది. దానికి జవాబు మన ఉద్యోగం, మన పన్ను రిటర్నులు, మన జీతం పడే ఖాతా. ఆఫీసు లేఖ 'అభ్యంతరం లేదు' అని ఒక వాక్యంతో ఉంటే పనికిరాదు. హోదా, ఎప్పటినుంచి పనిచేస్తున్నారు, ఏ తేదీ నుంచి ఏ తేదీ దాకా సెలవు మంజూరైంది, ఎప్పుడు తిరిగి చేరాలి అన్నవి నాలుగూ ఉండాలి. చివరి మూడు నెలల పేస్లిప్పుల్లోని నికర జీతం, స్టేట్‌మెంట్లో పడ్డ మొత్తం రూపాయితో సహా కలవాలి. అప్లై చేసే వారంలో ఎవరో చుట్టం వేసిన మూడు లక్షలు ఖాతాను బలంగా చూపించవు. అవి ఎక్కడివన్న ప్రశ్న తెచ్చిపెడతాయి, అంతే.

మిగతావి గబగబా. ఫారం నింపేది ఆన్‌లైన్‌లో, ఇచ్చేది వీఎఫ్‌ఎస్ (రాయబార కార్యాలయం తరఫున దరఖాస్తులు తీసుకునే సంస్థ) కేంద్రంలో. ప్రయాణానికి ఆరు నెలల ముందు నుంచి దరఖాస్తు ఇవ్వొచ్చు, కనీసం 15 రోజుల ముందైనా ఇచ్చేయాలి. నిర్ణయానికి మామూలుగా 15 రోజులు, ఒక్కోసారి 45 దాకా పడుతుంది. వీసా రుసుము 2024 జూన్ 11 నుంచి 90 యూరోలు, కేంద్రం సేవా రుసుము దానికి అదనం. వీసా రాకపోయినా 90 యూరోలు వెనక్కి రావు. బీమా కనీసం 30,000 యూరోలకు, షెంగెన్ దేశాలన్నిటికీ, బయల్దేరిన రోజు నుంచి తిరిగొచ్చే రోజు దాకా. ఫొటో 35 బై 45 మిల్లీమీటర్లు. స్టూడియో అన్న ముఖం తెల్లగా చేస్తానంటే వద్దనాలి, మెరుగులు దిద్దిన ఫొటోను కౌంటర్లోనే వెనక్కి ఇస్తారు. విమాన టికెట్ రిజర్వేషన్ చాలు, వీసా రాకముందే డబ్బు కట్టి కొనొద్దు.

స్టిక్కర్ చదవడం నేర్పిన బెర్లిన్ తమ్ముడికి కూడా థాంక్స్. 21 రోజులు అడిగితే 'నుంచి', 'వరకు' తేదీల మధ్య 36 రోజులు కనిపించొచ్చు. ప్రయాణం అటూ ఇటూ జరిగినా ఇబ్బంది రాకుండా 15 రోజులు కలిపి ఇస్తారు. ఉండటానికి హక్కున్నది మాత్రం 'రోజులు' అన్న గడిలో ఉన్న అంకె ప్రకారమే, దిగిన రోజు, ఎక్కిన రోజు కూడా లెక్కలోకే వస్తాయి. ఈ తేడా తెలియక ఒక్క రోజు ఎక్కువ ఉన్నా, 2025 అక్టోబర్‌లో మొదలైన కొత్త ఎంట్రీ ఎగ్జిట్ వ్యవస్థ (రాకపోకలను కంప్యూటర్లో నమోదు చేసేది) దాన్ని నమోదు చేసుకుంటుంది. మూడేళ్లలో రెండు షెంగెన్ వీసాలు సరిగ్గా వాడినవాళ్లకు రెండేళ్ల మల్టిపుల్ ఎంట్రీ (ఎన్నిసార్లైనా వెళ్లిరాగల వీసా) ఇచ్చే పద్ధతి 2024 ఏప్రిల్ నుంచి భారతీయులకు ఉంది. దాన్ని ఒక్కరోజు కోసం పోగొట్టుకోకూడదు.

తిరస్కరణ వచ్చినవాళ్లు అడిగారు కాబట్టి: పాత వ్యాసాల్లో కనిపించే 'రిమాన్‌స్ట్రేషన్' (నిర్ణయాన్ని మళ్లీ చూడమని వీసా కార్యాలయాన్నే కోరే) అర్జీని జర్మనీ 2025 జూలై 1న తీసేసింది. ఇప్పుడున్న దారులు రెండే. బెర్లిన్ కోర్టుకు వెళ్లడం, లేదా కారణం సరిచేసి కొత్తగా దరఖాస్తు పెట్టడం. అవే కాగితాలు మళ్లీ పెడితే అదే జవాబు వస్తుంది.

ఫ్రాంక్‌ఫర్ట్ అక్కా, మీరడిగిన నెయ్యి, పాలకోవా తేలేం. బయటి దేశాల నుంచి పాల పదార్థాలు, మాంసం తేవడానికి అక్కడ అనుమతి లేదు, చికెన్ పచ్చడి కూడా అందుకే ఆగిపోయింది. కిలో గోంగూర పచ్చడి, అరకిలో కందిపొడి చెక్ఇన్ బ్యాగులో సర్దేశాం.